మంగుకు జోల

హైమవతి మొహాన మంగు వచ్చింది కడుపుతో ఉన్నప్పుడు. కడుపు నిలవలేదు గానీ మంగు నిలిచిపోయింది. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా, పై పెదవి అంచునా ముదురు కాఫీరంగు పరుచుకుని అక్కడే కాపురం పెట్టింది. ఏడో నెలలో పోయిన బిడ్డ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు. మచ్చ మాత్రం ఊరుకోదు. కాకినాడలో సిటీబస్సు ఎక్కితే చాలు, పక్కసీటు ఆవిడెవరో మొహంలోకి చూసి, మెత్తగా నవ్వి, "ఏమన్నా విశేషమా అమ్మా?" అంటుంది. మొహం మీది మంగు చూసి నెల తప్పిందని పోల్చడం ఈ వైపు ఆడవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. లేదండీ అంటుంది హైమ. ఆవిడ చూపు పొట్ట దాకా దిగి, మళ్ళీ పైకొచ్చి, జాజికాయ పాలతో అరగదీసి రాసుకోమని సలహా చెబుతుంది. కొన్నేళ్ళ పాటు ఇదే వరస.

హైమ సూక్ష్మజీవుల శాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి. మంగు శాపమూ కాదు, ఎవరి కళ్ళూ పడి వచ్చిందీ కాదు, చర్మంలో రంగు తయారుచేసే కణాలు కొన్ని విశ్రాంతి మానేసి ఒళ్ళు తెలీకుండా పనిచేయడమేనని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన అద్దం ముందు ఏడుపు ఆగుతుందా? మచ్చ పోతే ఆ బిడ్డను కూడా మరిచిపోవచ్చని ఆమె ఆశ. ఆ ఆశను ఎవరికీ చెప్పుకోలేదు. పరిశోధన అని పేరు పెట్టుకుంది.

సామర్లకోట రోడ్డులో ఆమె పనిచేసే ల్యాబుకు పెద్ద డాక్టర్ పరాంకుశం. జుట్టు నెరిసినా ఉత్సాహం నెరవని మనిషి. రంగుకణాలను చంపే మందులు బజారులో బోలెడున్నాయి, అవి చర్మాన్ని కూడా చెడగొడతాయి, మనం చంపొద్దు, నిద్రపుచ్చుదాం అన్నది ఆయన ఆలోచన. మనిషి చర్మం మీద ఎలాగూ బతికే ఒక సూక్ష్మజీవిని హైమ తెచ్చి, మార్చి, దానిచేత ఒక రసం ఊరేలా చేసింది. ఆ రసం తగిలితే రంగుకణం చావదు. పని ఆపి పడుకుంటుంది. సూక్ష్మజీవి పోతే మళ్ళీ లేస్తుంది. దానికి జోల అని పేరు పెట్టింది కూడా హైమే. పేరు అందరికీ తెగ నచ్చింది.

జోల ఊరి మీద పడకుండా ఒక కట్టడి కావాలి కదా. అందుకని దానికి ఒక్క రకం మేత తప్ప ఇంకేదీ ఒంటబట్టకుండా చేశారు. రోజూ పడుకోబోయే ముందు మేత కలిపిన క్రీము రాస్తే బతుకుతుంది, మానేస్తే వారం తిరక్కుండా చస్తుంది. చూడ్డానికి వచ్చిన పెద్దలకు పరాంకుశం గారు రెండు గాజుపళ్ళాలు చూపించేవారు. మేత ఉన్న పళ్ళెంలో తెల్లటి చుక్కలు, మేత లేని పళ్ళెం ఖాళీ. ఆ మేత కోసం దుకాణంలో దొరికే సబ్బులూ స్నోలూ పౌడర్లూ అన్నీ కొనుక్కొచ్చి, వాటి మీద అచ్చేసినవన్నీ చదివి, ఎందులోనూ లేని మొక్కసారం ఒకటి ఎంచారు. ముదురు గోధుమరంగు జిగురు, ఘాటైన వాసన. సీసాల మీద నోరు తిరగని లాటిన్ పేరు ఉండేది. ల్యాబులో అందరూ దాన్ని మేత అనే అనేవారు. అది ఏ గింజ సారమో, ఆ గింజను తెలుగులో ఏమంటారో అడగాలని ఒక్కళ్ళకీ తోచలేదు. సీసాలో వచ్చినదానికి ఊరూ పేరూ ఉంటుందని చదువుకున్నవాళ్ళకి ఎందుకు తోస్తుంది!

పిల్ల ఎలుకల మీద కూడా ఒకసారి చూద్దామా అని హైమ అడగకపోలేదు. "పసిపిల్లలకి మంగెందుకొస్తుందమ్మా?" అన్నారు పరాంకుశం గారు. అందరూ నవ్వారు, హైమ కూడా నవ్వింది.

మొదట రాసుకున్నది తనే. తన మందు తనే రాసుకోవడం పద్ధతి కాదని పరాంకుశం గారు మందలించారు. మందలించి, ఆ తర్వాత రోజూ ఆమె బుగ్గల్ని భూతద్దంలో చూసి మురిసిపోయారు. మచ్చ అంచులు ముందు పలచబడ్డాయి. ఆ తర్వాత మధ్యలో అక్కడక్కడా అసలు చర్మం తొంగిచూసింది. ఒకరోజు బస్సులో ఎవరూ విశేషమా అని అడగలేదు. పక్కావిడ ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, తన సంచీ సర్దుకుంది. ఆ సంతోషంలో హైమ దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఊరి చివరిదాకా ఊరికే కూర్చుంది.

ఆ తర్వాత ఇంకొందరు ఆడవాళ్ళకు ఇచ్చారు. బడి పంతులమ్మలు, బట్టల కొట్లో అమ్మకానికి నిలబడేవాళ్ళు, ఒక బ్యాంకు ఆఫీసరు. అందరి మొహాలూ తేటపడ్డాయి. మందు బజారుకెక్కే రోజు దగ్గర్లోనే ఉందని పరాంకుశం గారు స్వీట్లు పంచారు.

ఆ రోజుల్లోనే హైమ తోటికోడలు రేణుక ప్రసవించింది. రేణుకకు తల్లి లేదు, అందుకని పురుడు అత్తింట్లోనే. భర్తకు ఓడల్లో ఉద్యోగం, ఏడాదిలో ఇంట్లో ఉండేది రెండు నెలలు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల నలుపు. అత్తగారు మాణిక్యాంబ మనవరాల్ని చూడగానే, అచ్చం మీ మావగారి పోలికే అని ఒక నిట్టూర్పు విడిచి, నీలవేణి అని ఆయన తల్లి పేరు పెట్టించారు. పిలవడానికి నీలు.

హైమకు మాత్రం ఆ నలుపు కంటికి ఆనలేదు. తన బిడ్డను ఆసుపత్రివాళ్ళు గుడ్డలో చుట్టి పట్టుకుపోయారు, ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. ఈ పిల్లను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. ముద్దు పెట్టుకోవచ్చా అని తోటికోడల్ని అడిగింది. "అదేంటక్కా అలా అడుగుతావు, నీ పిల్ల కాదా?" అంది రేణుక. ఆ మాటతో హైమకు ప్రాణం లేచొచ్చింది. ఇక ల్యాబు నుంచి రావడం, కాళ్ళు కడుక్కోవడం, పిల్ల చెంపకు చెంప ఆనించి ఏదో ఒకటి పాడడం. ఆ గొంతు వింటే చాలు, నీలు ఎంత ఏడుస్తున్నా ఆపేసి, చెవి అటు వేసి, బోసినోరు తెరిచేది. నీకంటే నాకే అలవాటైందే అని హైమ రేణుకను ఉడికించేది.

మాణిక్యాంబగారి పని వేరే ఉంది. పిల్ల రంగు తేల్చాలి. రోజూ పొద్దున్న పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఒంటికి నువ్వులనూనె మర్దనా చేసి, నలుగుపిండి పట్టించి, వేణ్ణీళ్ళు పోసేవారు. పిండి ఆవిడే స్వయంగా కొట్టి, జల్లించుకునేది. ఆ వేళకు హైమ ల్యాబుకు వెళ్ళిపోయేది. అందుకని ఆ స్నానం ఎన్నడూ చూడలేదు.

నీలుకు మూడో నెల దాటాక ఎడమ చెంప తెల్లబడింది. తర్వాత రెండో చెంప. మాణిక్యాంబగారి సంబరం చెప్పనలవి కాదు. నా చేతి నలుగా మజాకానా అని వీధంతా చెప్పుకొచ్చారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి పిల్లను ముద్దాడి, ఎంత తేటగా వచ్చిందో అని మెటికలు విరిచి, పోతూ పోతూ గిన్నెలో ఇంత పిండి అడిగి పట్టుకెళ్ళేవారు.

హైమ గుండెలో మాత్రం రాయి పడింది. ఎడమ చెంప అంటే తను రోజూ చెంప ఆనించే చెంప. దూదిపుల్లతో పిల్ల చెంప తుడిచి ల్యాబుకు తీసుకెళ్ళింది. పళ్ళెంలో తెల్లటి చుక్కలు లేచాయి. జోలే. పరాంకుశం గారికి చూపిస్తే ఆయన కంగారుపడలేదు. నీ మొహం మీది క్రీము పిల్లకు అంటింది, క్రీము అంటడం ఆగితే మేత లేక వారంలో చస్తుంది, పిల్లను కొన్నాళ్ళు ముట్టుకోకు అన్నారు.

తను క్రీము మానేస్తే ఇంకా మంచిది కదా అన్న ఆలోచన హైమకు వచ్చింది. వచ్చినంత వేగంగా పోయింది. బస్సులో ఆ ప్రశ్న మళ్ళీ వినే ఓపిక ఆమెకు లేదు. పిల్లకు దూరంగా ఉంటే చాలదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంటికొస్తే గదిలోకి పోయి తలుపేసుకునేది. అక్కకు మా పిల్ల మీద మోజు తీరిపోయింది కాబోలు అని రేణుక చిన్నబుచ్చుకుంది. హైమకు ఏడుపొచ్చింది, కారణం చెప్పడానికి నోరు రాలేదు.

వారం పోయింది. ఇంకో వారం పోయింది. పిల్ల తెల్లదనం ఆగలేదు. మెడ దిగి, వీపు మీదుగా తొడల దాకా వచ్చింది. హైమ చెంప ఎన్నడూ తగలని చోట్లకి కూడా వచ్చింది. మేత లేనిదే జోల ఎలా బతుకుతోంది? అన్నం నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేటంతగా అదే ఆలోచన. ఇంకొక సంగతి కూడా ఆమె చూసీ చూడనట్టు వదిలేసింది. ఆ మధ్య నుంచి మాణిక్యాంబగారు ఎప్పుడు చూసినా చేతులకు దట్టంగా పసుపు పూసుకుని ఉంటున్నారు, వడ్డించేటప్పుడు చేతులు పైటకొంగులో దాచుకుంటున్నారు. పెద్దావిడ చాదస్తం అనుకుంది.

ఆదివారం. హైమ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నీలుకు స్నానం మొదలైంది. అత్తగారు గిన్నెలో పిండి తడిపారు. గాలి ఇటు వీచింది. హైమ చేతిలో తడిచీర అలాగే ఉండిపోయింది. ఆ వాసన ల్యాబులో మేత సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసన.

పిండిలో ఏమేం వేస్తారని అడిగింది. పెసలు, శనగపప్పు, పసుపుకొమ్ములు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు అని ఆవిడ మురిపెంగా ఏకరువు పెట్టి, "బావంచాలు ఈసారి గుప్పెడెక్కువే వేశాను. అవే కదా ఒంటికి నిగారింపు" అన్నారు.

బావంచాలు. చిన్నప్పుడు దీపావళి తలంటుకు తన తల్లి కూడా నలుగులో వేసిన గింజలు. హైమ ఫోను తీసి ఆ పేరు వెతికింది. లాటిన్ పేరు తేలింది. ఇన్నేళ్ళూ సీసాల మీద చూసిన పేరే. ఏ దుకాణంలోనూ లేని మేత కావాలని దుకాణాలన్నీ గాలించారు. ఇంట్లో రోట్లో దంచుకునేదాని మీద ఎవరూ ఏమీ అచ్చెయ్యరు మరి. రోజూ పొద్దున్న తన అత్తగారే, తన పెరట్లోనే, పిల్ల ఒళ్ళంతా జోలకు మేత వేస్తోంది.

అదే సమయంలో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. గోడ మీద కాకి ఎగిరిపోయింది. అత్తగారి కాళ్ళ మీద నీలు రెప్ప కూడా కదపలేదు.

హైమ చూపు పిల్ల చెవుల మీద ఆగింది. రంగుకణాలు చర్మంలో మాత్రమే ఉండవు. కంట్లో ఉంటాయి. చెవి లోపల, శబ్దాన్ని పట్టే నత్తగుల్లలో కూడా ఉంటాయి, అక్కడ అవి పని మానేస్తే చెవి పని మానేస్తుంది. నీలికళ్ళ తెల్లపిల్లులు చాలావాటికి చెవుడు ఉంటుందని తను పుస్తకంలో చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకుంది. పెద్దవాళ్ళ దళసరి చర్మం దాటలేని రసం, పొద్దున్నే నూనెతో మర్దించి వేణ్ణీళ్ళతో నానబెట్టిన పసిచర్మాన్ని దాటకుండా ఉంటుందా!

"అత్తయ్యా, ఆపండి. ఆ పిండి కడిగెయ్యండి. పిల్లకి వినపడ్డం లేదు" అంది.

మాణిక్యాంబగారు ముందు నవ్వారు. పిల్ల బుద్ధిమంతురాలు, ఉలికిపడే రకం కాదన్నారు. హైమ చెంబు లాక్కోబోయేసరికి ఆవిడ మొహం మారిపోయింది.

"పిల్ల తెల్లబడితే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావేంటే? నీకు లేదని దీనికీ లేకుండా చేస్తావా?"

ఆ మాట హైమకు సూటిగా గుచ్చుకుంది. అయినా అక్కడే నిలబడి చెప్పింది. జోల గురించి, మేత గురించి, తన చెంప గురించి. మొదటిసారి తెలిసినప్పుడు నోరు మూసుకున్న సంగతి కూడా దాచలేదు. కేకలు విని వంటింట్లోంచి వచ్చిన రేణుక గడపలో నిలబడి మొత్తం విన్నది.  లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి కంచం తెచ్చి, పిల్ల తల వెనకగా చప్టా మీద పడేసింది. ఆ మోతకు పక్కింటి కుక్క మొరిగింది. నీలు పిడికిలి నోట్లో పెట్టుకుని చీకుతోంది. రేణుక కంచం తీసి మళ్ళీ పడేసింది. ఇంకోసారి పడేసింది, ఈసారి బలంకొద్దీ. పిల్ల అమ్మమొహం కనిపించేసరికి కిలకిలా నవ్వింది.

రేణుక పిండి డబ్బా మొత్తం తూములో ఒంపేసింది. పిల్లను అత్తగారి కాళ్ళ మీంచి తీసుకుని, మంచినీళ్ళతో ఒళ్ళంతా కడిగి, పొడిగుడ్డలో చుట్టుకుంది. హైమ అలవాటుగా చేతులు చాచింది.

"నువ్వు దీన్ని ముట్టుకోకక్కా" అంది రేణుక. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే హైమ తట్టుకునేది.

మాణిక్యాంబగారు పీట మీంచి లేవలేదు. నీళ్ళ గంగాళంలో చేతులు ముంచి పసుపు కడిగి, పైకెత్తి చూపించారు. వేళ్ళ కొసల నుంచి మణికట్ల దాకా చేతులు పాలిపోయి ఉన్నాయి. "బొల్లి అనుకున్నానే. ఇంట్లో బొల్లి ఉందంటే రేపు ఈ పిల్లకి సంబంధాలు రావని పసుపు పూసుకు తిరిగాను" అన్నారు. ఆ చేతులు ఒక్కరోజు ముందు చూపించి ఉంటే హైమకు అర్థమయ్యేదే. ఆవిడ మనవరాలి పెళ్ళి గురించి భయపడింది, మనవరాలు పక్కనే చెవులు పోగొట్టుకుంటోంది. ఎవర్ని తిట్టడానికీ హైమకు నోరు రాలేదు. తనకంటే ఆవిడ ఏం పెద్ద తప్పు చేసింది గనక?

చెవుల డాక్టరు పిల్ల తలకు తీగలు తగిలించి, నిద్రపుచ్చి, యంత్రం చూశాడు. రెండు చెవుల్లోనూ వినికిడి దాదాపు లేదన్నాడు. లోపలి కణాలు నిద్రపోయాయా, చచ్చిపోయాయా అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. ఒంటికి రంగు తిరిగొస్తే చెవులకూ రావచ్చు, రాకపోవచ్చు, ఎదురుచూడమన్నాడు. హైమ ఆ రోజే క్రీము పారేసి, జోలను చంపే మందు తెచ్చి తనూ రాసుకుంది, ఇంట్లో అందరిచేతా రాయించింది. ఇల్లంతా కడిగించింది. తర్వాత తనే బట్టలు సర్దుకుని భర్త శేషగిరితో కలిసి ఊళ్ళోనే వేరే వాటాలోకి మారింది. పొమ్మని రేణుక అనలేదు, ఉండమనీ అనలేదు.

పరాంకుశం గారు నీలును చూడ్డానికి వచ్చారు. ఆ పెద్దమనిషి కళ్ళు తడిసిన మాట నిజం. ల్యాబుకు వెళ్ళాక మాత్రం వేరేగా మాట్లాడారు. పుట్టుకతోనే చెవుడేమో, ఒక్క పిల్లను చూసి నిర్ధారణకు రాకూడదు, మేత గుట్టుగా మార్చేద్దాం, నలుగురికీ చెబితే ఇక ఈ పని ఎవరూ ముట్టుకోరు అన్నారు.

"మీరు చెప్పకపోతే నేను చెబుతాను సార్. నలుగు పెట్టని ఇల్లు ఈ జిల్లాలో ఎక్కడుందో చూపించండి" అంది హైమ.

 మందు ఆగింది. క్రీము తీసుకున్న ఆడవాళ్ళందరికీ హైమే ఫోను చేసి, మానేయమని, పసిపిల్లల్ని దూరంగా ఉంచమని చెప్పింది. చాలామంది భయపడి వెంటనే మానేశారు. ఒకావిడ మాత్రం అంతా ఓపిగ్గా విని, "మానేస్తే మంగు మళ్ళీ వస్తుందాండీ?" అని అడిగింది. వస్తుందంది హైమ.  అవతల ఒక చంటిబిడ్డ ఊఁ కొట్టిన చప్పుడు వినిపించింది. "కొంచెం కొంచెమే రాసుకుంటాలెండి" అని ఆవిడ పెట్టేసింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చిరునామా పట్టుకుని వెళితే ఇంటికి తాళం. హైమకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ ఎలాంటి చూపులు తప్పించుకుంటోందో ఎవరికన్నా బాగా తనకే తెలుసు. అందుకే భయం వేసింది.

పాత వీధిలోనూ గడప గడపకూ తిరిగింది. పిండి పట్టుకెళ్ళినవాళ్ళు ముద్దులతో పాటు జోలను కూడా పట్టుకెళ్ళారు. కొందరు పిండి తిరిగిచ్చేశారు. కొందరు తలుపు ఓరగా తెరిచి, మా పిల్లలు బాగానే ఉన్నారు వెళ్ళండి అన్నారు. ఆ ఓర సందులోంచి, నేల మీద పాకుతున్న ఒక తెల్లటి పిల్లాణ్ణి హైమ చూసింది. చప్పట్లు కొట్టి చూసేలోపు తలుపు మూసుకుంది. ఈ సంగతి ఆసుపత్రివాళ్ళకు చెప్పింది, పత్రికలవాళ్ళకు చెప్పింది. పత్రికలో వచ్చిన మర్నాడు, తెల్లబరిచే ఆ క్రీము ఎక్కడ దొరుకుతుందని ల్యాబుకు ఫోన్లు వచ్చాయి.

హైమ మొహాన మంగు తిరిగొచ్చింది. ఇదివరకటి కంటే ముదురుగా వచ్చింది. ఈసారి ఆమె ఏడవలేదు. తన రంగుకణాలు లేచాయంటే నీలువి కూడా లేస్తాయని లెక్క. పొద్దున్న లేచి అద్దంలో మచ్చ ఎంత నల్లబడిందో చూసుకుని, అంత ఆశ మూటగట్టుకునేది. నీలు కబుర్లు శేషగిరి మోసుకొచ్చేవాడు. మోకాళ్ళ మీద చిన్న చిన్న నల్లచుక్కలు వచ్చాయట. చెవి తమ్మెలు రంగు తిరిగాయట. మాణిక్యాంబగారు ఆ చుక్కల్ని చూసి, నల్లబడుతోంది నా బంగారం అని ఏడుస్తూ వీధిలో అందరికీ చూపిస్తున్నారట. చెవుల సంగతి అడిగితే మాత్రం అతను చొక్కా గుండీలు సర్దుకునేవాడు.

నీలు గోడ పట్టుకుని నిలబడే వేళకు రేణుక కబురు పెట్టింది. అక్కను ఒకసారి రమ్మనమని, అంతే.

హైమ వెళ్ళేసరికి పిల్ల ముందుగదిలో చాప మీద వీధి తలుపుకు వీపు పెట్టి కూర్చుని, బిస్కట్టు చప్పరిస్తోంది. పుట్టినప్పటి నలుపు మొత్తం తిరిగొచ్చింది. ఎక్కడా తెలుపు లేదు. హైమకు ఆ వీపు చూసి ప్రాణం కుదుటపడింది. రేణుక ఎదురుగా కూర్చుని ఉంది. తోటికోడలి వైపు చూసి, పిలువు అన్నట్టు తల ఊపింది. ఆ కళ్ళలో కోపం లేదు, నిద్ర లేదు. తను పిలిచి పిలిచి అలిసిపోయి, ఒకప్పుడు పిల్ల చెవి అటు వేసి విన్న ఆ గొంతు మీద ఆఖరి ఆశ పెట్టుకుని పిలిపించిందని హైమకు అర్థమైంది.

"నీలూ" అంది.

పిల్ల బిస్కట్టు తింటోంది. హైమ ఇంకొంచెం గట్టిగా పిలిచింది. తర్వాత వీధిలోకి వినిపించేలా పిలిచింది. తర్వాత, పిలుపు కాదు, పాత పాట ఎత్తుకుంది, చెంపకు చెంప ఆనించి పాడినదే. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. రేణుక కళ్ళు పిల్ల మొహం మీదే ఉన్నాయి. చివరికి ఆ కళ్ళు నీళ్ళతో నిండి, పైకి, హైమ వైపు లేచాయి. అమ్మ ఎటు చూస్తోందా అని పిల్ల వెనక్కి తిరిగింది.

కొత్త మనిషి. నీలు కాసేపు తేరిపార చూసింది. ఏడవలేదు. చాప మీద పాకుతూ వచ్చి, హైమ మోకాళ్ళు పట్టుకుని నిలబడింది. హైమ చేతులు వెనక్కి పెట్టుకుని, రేణుక వైపు చూసింది.

"ఎత్తుకో అక్కా. ఇంక ఏం పోతుంది" అంది రేణుక.

ఎత్తుకుంది. పిల్ల బరువు పెరిగింది. నీలు ఆమె మొహాన్ని దగ్గర్నించి పరీక్షగా చూసి, బుగ్గ మీది నల్లమచ్చను కనిపెట్టింది. బిస్కట్టు తడి ఉన్న వేలు దాని మీద పెట్టి, ఎవరో మొహానికి మసి పూశారనుకుందో ఏమో, శుభ్రం చేద్దామని మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.

"పోదు తల్లీ" అంది హైమ. "అది ఇంక పోదు."

పిల్ల రుద్దుతూనే ఉంది.